మనకు రావాల్సిన బాకీ ఉరితాడు కాదు

మన నగరంలో ఏ ఘోరం జరిగినా మొదటి రోజు సాయంత్రానికల్లా "ఉరి తీయాలి" అనే మాట మొదలవుతుంది. రెండో రోజుకు అది "ఉరి దాకా ఎందుకు, ఎన్‌కౌంటర్ చేసేయాలి" అవుతుంది. మూడో రోజు టీవీ వాళ్ళు చనిపోయిన అమ్మాయి తల్లి ముందు మైకు పెట్టి "మీరేం కోరుకుంటున్నారమ్మా" అని అడుగుతారు. ఆమె ఏం చెబుతుందో అడిగేవాళ్ళకు ముందే తెలుసు. ఆ తల్లిని నేను ఒక్క మాట అనను. కడుపుకోతలో ఉన్న మనిషి ఏమన్నా అనొచ్చు, ఏమన్నా కోరుకోవచ్చు. నా వాదన ఆమెతో కాదు. ఆమె దుఃఖాన్ని అడ్డం పెట్టుకుని తన పని ఎగ్గొట్టే ప్రభుత్వంతో, ఆ ఎగ్గొట్టడాన్నే న్యాయం అనుకుని చప్పట్లు కొట్టే మనతో.

నేను మరణశిక్షకు వ్యతిరేకిని. ఎవరికైనా సరే, ఏ నేరానికైనా సరే. ఇలా అనగానే "నీ ఇంట్లో జరిగితే తెలుస్తుంది" అంటారు. ఆ మాటకూ జవాబు చెబుతాను, కాస్త ఆగండి. ముందు నా కారణం చెప్పనివ్వండి. నేరగాడి మీద జాలితో నేను ఇది రాయడం లేదు. ఒక మనిషిని చంపినప్పుడు ఆ ఇంటికి ప్రభుత్వం బాకీ పడుతుంది. ఎవరు చేశారో తేల్చాలి, ఎలా జరగనిచ్చారో తేల్చాలి, మిగిలిన వాళ్ళ బతుకు నిలబెట్టాలి. ఈ బాకీ తీర్చడం కష్టం. డబ్బు కావాలి, ఓపిక కావాలి, సొంత మనుషులనే నిలదీసే ధైర్యం కావాలి. ఒక శవాన్ని చూపించి "తీసుకోండి, చెల్లు" అనడం తేలిక. మనం ఉరి అడిగిన ప్రతిసారీ ప్రభుత్వానికి ఆ తేలిక దారే చూపిస్తున్నాం.

శంషాబాద్ సంగతే చూద్దాం. 2019 నవంబర్ 27 రాత్రి తొండుపల్లి టోల్‌ప్లాజా దగ్గర ఒక యువ పశువైద్యురాలి మీద అత్యాచారం చేసి చంపారు. తెల్లారాక షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి వంతెన కింద కాలిపోయిన శరీరం దొరికింది. ఆ రాత్రి అమ్మాయి ఇంటికి రాలేదని ఇంటివాళ్ళు పోలీసుల దగ్గరికి పోతే, ఇది మా పరిధి కాదని ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు తిప్పారని వాళ్ళే చెప్పారు. ఎఫ్‌ఐఆర్ ఆలస్యం చేశారని ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు కూడా. ఆ వారం మొత్తంలో అడగాల్సిన ప్రశ్న అదే. ఆ కొన్ని గంటలు పోలీసులు కదిలి ఉంటే ఆమె బతికేదా? రాత్రిపూట ఆడపిల్ల కనబడటం లేదని వచ్చినవాళ్ళతో ఏ స్టేషన్ అయినా ఎలా మాట్లాడాలి? పరిధి చూడకుండా ఎఫ్‌ఐఆర్ రాసుకోవాలని ఉన్న నియమం ఆ రాత్రి ఎక్కడ పోయింది?

డిసెంబర్ 6 తెల్లవారుజామున, అరెస్టు చేసిన నలుగురు నిందితులనూ పోలీసులు అదే చటాన్‌పల్లికి తీసుకెళ్ళి కాల్చి చంపారు. తుపాకులు లాక్కున్నారు, కాల్చబోయారు, అందుకే కాల్చాం అన్నారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు, టపాసులు కాల్చారు, మిఠాయిలు పంచారు. ఆ పొద్దున లిఫ్ట్ దగ్గర మా పక్క ఫ్లాట్ ఆంటీ ఎదురైంది. "మంచిగ చేసిండ్రమ్మా. ఇగ ఆడపిల్లలు ధైర్యంగ తిరగొచ్చు" అంది. "మరి ఆ రాత్రి ఎఫ్‌ఐఆర్ ఎందుకు ఆలస్యమైందో ఇక ఎవరు అడుగుతారు ఆంటీ?" అన్నాను. ఆమె నా వైపు వింతగా చూసింది. "అయిపాయె కదా, ఇప్పుడు అదెందుకు?" అంది. ఆమెకు ఇద్దరు ఆడపిల్లలు. చిన్నమ్మాయి గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్ చేసేది. అందరికన్నా ముందు ఆ ప్రశ్న అడగాల్సిన మనిషి ఆమె. ఆమె చేతిలోంచి ఆ ప్రశ్నను తీసేసుకుని, బదులుగా నాలుగు శవాలిచ్చారు.

తర్వాత సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి వి.ఎస్.సిర్పుర్‌కర్ అధ్యక్షతన ఒక కమిషన్ వేసింది. ఆ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. నిందితులను చంపే ఉద్దేశంతోనే కావాలని కాల్పులు జరిపారని, నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని అందులో ఉంది. పది మంది పోలీసుల మీద హత్య కేసు విచారణ జరగాలని సిఫారసు చేసింది. ఆ వార్త మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరూ పంపలేదు. పూల వీడియో మాత్రం రోజంతా తిరిగింది.

విచారణ జరిగి ఉంటే ఏం వచ్చేది? నిందితుల లారీ ఎన్ని గంటలు అక్కడ ఆగి ఉంది, టోల్‌ప్లాజా దగ్గర పెట్రోలింగ్ ఏమైంది, ఎవరు ఏం చూశారు, వాళ్ళు పాత నేరాలేవైనా చేశారా, అసలు ఈ నలుగురేనా అన్నవన్నీ కోర్టులో ప్రమాణం చేసి చెప్పాల్సి వచ్చేది. డిఫెన్స్ లాయర్ గుచ్చి గుచ్చి అడిగేవాడు. అలా నిలబడిన నిజమే నిజం. దాన్ని బట్టి రేపటి రోడ్లు మారేవి. ఇప్పుడు మన దగ్గర ఉన్నది పోలీసులు చెప్పిన కథ ఒక్కటే. ఆ పోలీసుల మాటనే న్యాయమూర్తి ఒకరు నమ్మలేదు. ఇక నేరం గురించి వాళ్ళు చెప్పినదాన్ని ఎంతవరకు నమ్మాలి? ఆ అమ్మాయికి జరిగినది ఏ కోర్టులోనూ రుజువు కాలేదు. ఇది ఆమెకు జరిగిన రెండో అన్యాయం అని నేను నమ్ముతాను.

మీరు అడగొచ్చు, ఇది ఎన్‌కౌంటర్ సంగతి కదా, చట్టప్రకారం ఉరి వేరు కదా అని. వేరే. కానీ ఒకే కోరిక రెండింటినీ నడిపిస్తోంది. ఉరి ఆలస్యం అవుతుంది కాబట్టే ఎన్‌కౌంటర్ కావాలంటున్నారు. చావే న్యాయం అని ముందు ఒప్పుకుంటే, కోర్టు మెట్లు అడ్డంగానే కనిపిస్తాయి. షాద్‌నగర్‌లో న్యాయవాదులు నిందితుల తరఫున వకాల్తా పుచ్చుకునేది లేదని తీర్మానం చేశారు. అలాంటి తీర్మానాలు చెల్లవని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. అయినా చేశారు. ఎన్‌కౌంటర్ జరిగిన వారంలోనే ఆంధ్రప్రదేశ్ శాసనసభ 21 రోజుల్లో తీర్పు వచ్చేలా బిల్లు పాస్ చేసింది. ఫోరెన్సిక్ రిపోర్టే నెలల తరబడి రాని చోట 21 రోజుల్లో ఏం తేలుతుందో ఎవరికీ పట్టలేదు.

అదే డిసెంబర్‌లో ఇంకొకటి జరిగింది, దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. తెనాలిలో ఒక సమాధి తవ్వి, పన్నెండేళ్ళ కిందట చనిపోయిన అమ్మాయి అవశేషాలకు సీబీఐ మళ్ళీ పోస్ట్‌మార్టం చేయించింది. ఆ అమ్మాయి విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో హాస్టల్లో ఉండి బీ ఫార్మసీ చదివేది. 2007 డిసెంబర్ 27న హాస్టల్లోనే చంపేశారు. రాష్ట్రం అట్టుడికింది. నిందితుణ్ణి పట్టుకోమని ఒత్తిడి పెరిగింది. 2008లో పోలీసులు ఒక పేద దళిత కుర్రాణ్ణి తెచ్చి వీడే అన్నారు. అమ్మాయి తల్లిదండ్రులు మొదటి నుంచీ "ఇతను కాదు" అంటూనే ఉన్నారు. ఎవరు విన్నారు? 2010లో కింది కోర్టు దోషి అని శిక్ష వేసింది. 2017 మార్చి 31న, ఎనిమిదేళ్ళకు పైగా జైల్లో గడిపాక, హైదరాబాద్‌లోని మన హైకోర్టు అతను నిర్దోషి అని చెప్పి, లక్ష రూపాయలు ఇమ్మంది.

ఆ రోజుల్లో అతన్ని ఉరి తీయాలన్న వాళ్ళు తక్కువేం కాదు. తీసి ఉంటే ఏమయ్యేది? అతను పోయేవాడు, అది ఒకటి. రెండోది మనం ఎప్పుడూ లెక్కలోకి తీసుకోం. కేసు మూతపడేది. తెనాలిలో ఎవరూ సమాధి తవ్వేవాళ్ళు కాదు. అసలు హంతకుడికి ఆ ఉరి కన్నా మంచి రక్షణ ఇంకొకటి ఉండేది కాదు. అతను బతికి ఉండబట్టే, అప్పీలు వేయబట్టే, "మరి మా బిడ్డను చంపిందెవరు?" అని ఆ తల్లిదండ్రులు ఇంకా గట్టిగా అడగగలిగారు.

మక్కా మసీదు దగ్గర 2007 మే 18న, శుక్రవారం నమాజు వేళ బాంబు పేలి తొమ్మిది మంది చనిపోయారు. తర్వాత పోలీసు కాల్పుల్లో ఇంకో ఐదుగురు. పాతబస్తీ కుర్రాళ్ళను పట్టుకుపోయారు, చిత్రహింసలు పెట్టారు. తర్వాత ప్రభుత్వమే కొందరికి నష్టపరిహారం, మంచి నడవడి సర్టిఫికెట్లు ఇచ్చింది. దర్యాప్తు మారింది, నిందితులూ మారారు. 2018 ఏప్రిల్ 16న, విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ ప్రత్యేక కోర్టు నిర్దోషులని వదిలేసింది. తీర్పు చెప్పిన న్యాయమూర్తి కొన్ని గంటల్లోనే రాజీనామా ఇచ్చారు. మరి చేసిందెవరు? మొదటి నెలల్లో మన కోపం చల్లార్చడానికి ఆ పాతబస్తీ పిల్లల్లో ఇద్దరు ముగ్గురిని ఉరి తీసి ఉంటే, ఈ ప్రశ్న అడగడానికి కూడా మనకు మొహం ఉండేది కాదు.

"సరే, అనుమానం ఉన్న కేసుల్లో వద్దు. నూటికి నూరు శాతం తేలిన కేసుల్లో వేయొచ్చుగా?" అంటారు. ఈ ప్రశ్న నేను గౌరవించే వాళ్ళు కూడా అడుగుతారు. నా జవాబు ఇది: చట్టంలో అనుమానంతో శిక్ష వేయడం అనేదే లేదు. ప్రతి శిక్షా "అనుమానానికి తావు లేకుండా రుజువైంది" అన్న వాక్యంతోనే మొదలవుతుంది. ఇబ్రహీంపట్నం కేసు తీర్పూ అలాంటిదే. 2016లో ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీ వాళ్ళు ఉరిశిక్ష పడిన ఖైదీల మీద ఒక పెద్ద అధ్యయనం చేశారు. 2000 నుంచి 2015 వరకు కింది కోర్టులు ఉరి వేసినవాళ్ళలో, అప్పీళ్ళు తేలేసరికి ఆ శిక్ష నిలిచింది నూటికి ఐదుగురి లోపు. ఇంచుమించు 30 శాతం మంది పూర్తిగా నిర్దోషులుగా బయటికొచ్చారు. పదిమందిలో ముగ్గురు! వాళ్ళందరి విషయంలో కూడా ఒక జడ్జి "నూటికి నూరు శాతం" అనుకునే సంతకం పెట్టాడు.

అదే అధ్యయనం ఇంకో సంగతి చెప్పింది. ఉరిశిక్ష పడినవాళ్ళలో నాలుగింట మూడొంతుల మంది పేదవాళ్ళు. ఇది తెలుసుకోవడానికి తెలుగువాళ్ళకు ఢిల్లీ దాకా పోవాల్సిన పని లేదు. 1993 మార్చి 8న హైదరాబాద్ నుంచి చిలకలూరిపేట వెళ్తున్న బస్సులో దోపిడీ చేయబోయి ఇద్దరు దళిత యువకులు పెట్రోలు పోసి నిప్పంటించారు. 23 మంది కాలి చనిపోయారు. చాలా భయంకరమైన నేరం, దాన్ని నేను ఒక్క గింజంత కూడా తగ్గించి చెప్పను. ఆ ఇద్దరికీ ఉరి పడింది. సుప్రీంకోర్టు ఖాయం చేసింది. 1997 మార్చిలో ఉరికి తేదీ పెట్టాక, ఆఖరి గంటల్లో ఆగింది. 1998లో రాష్ట్రపతి కె.ఆర్.నారాయణన్ యావజ్జీవంగా మార్చారు. కన్నబిరాన్, బాలగోపాల్ లాంటి వాళ్ళు ఆ రోజుల్లో పౌరహక్కుల తరఫున ఎంత మాట పడ్డారో మా పెద్దవాళ్ళు చెప్పేవారు.

ఆ బస్సుకు ఏడాదిన్నర ముందు, అదే గుంటూరు జిల్లాలో, 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను పట్టపగలు వెంటాడి నరికి చంపారు. చంపింది అగ్రకులాల వాళ్ళు. కేసు తేలడానికి పదహారేళ్ళు పట్టింది. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో మన హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఈ రెండు కేసులనూ పక్కపక్కన పెట్టి చూడండి. చుండూరులో కూడా ఉరి వేయాల్సింది అని నేను అనడం లేదు. అక్కడ ఉరి ఊసే రాలేదు, చివరికి జైలు కూడా మిగల్లేదు అంటున్నాను. మరణశిక్ష చట్టం పుస్తకంలో అందరికీ ఒకటే. తాడు మాత్రం వకీలును పెట్టుకోలేని వాడి మెడ దగ్గరికే వస్తుంది.

హైదరాబాద్‌కు ఈ విషయంలో చాలా పాత చరిత్ర ఉంది. తెలంగాణ సాయుధ పోరాటంలో పన్నెండు మంది రైతులకు ఇక్కడి ప్రత్యేక ట్రిబ్యునళ్ళు ఉరిశిక్ష వేశాయి. బ్రిటన్ నుంచి డి.ఎన్.ప్రిట్ అనే లాయర్ వచ్చి వాళ్ళ తరఫున వాదించాడు. హైదరాబాద్ హైకోర్టు తీర్పు 1950 జనవరి 26 కన్నా ముందు వచ్చింది కాబట్టి మేం విననక్కర్లేదని 1951లో సుప్రీంకోర్టు అంది. ఒక తేదీ మీద పన్నెండు ప్రాణాలు! ప్రపంచమంతా గొడవ చేస్తే చివరికి శిక్ష తగ్గించారు. ఆదిలాబాద్ రైతులు భూమయ్య, కిష్టాగౌడ్‌లకు ఆ అదృష్టం లేకపోయింది. ఎమర్జెన్సీలో, పౌరహక్కులన్నీ మూతపడిన రోజుల్లో, 1975 డిసెంబర్ 1న ముషీరాబాద్ జైల్లో ఉరి తీశారు. ఆ జైలు ఇప్పుడు లేదు. ఆ నేల మీదే ఇప్పటి గాంధీ ఆసుపత్రి ఉంది. చటాన్‌పల్లిలో చంపిన నలుగురి శవాలను 2019 డిసెంబర్‌లో రెండోసారి పోస్ట్‌మార్టం కోసం పెట్టింది కూడా ఆ ఆసుపత్రి మార్చురీలోనే. ఆ దారిలో పోయినప్పుడల్లా నాకు ఈ రెండూ గుర్తొస్తాయి.

"అరుదైన వాటిలోకెల్లా అరుదైన" కేసుల్లోనే ఉరి అని 1980లో బచన్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఐదుగురు జడ్జీల్లో జస్టిస్ భగవతి ఒక్కరే ఒప్పుకోలేదు. ఏది అరుదో ఆ బెంచీ మీద కూర్చున్న మనిషిని బట్టి మారుతుందని ఆయన భయం. ఆ భయం నిజమైంది. 1995 డిసెంబర్‌లో రావ్‌జీ అనే మనిషికి ఉరి ఖాయం చేస్తూ సుప్రీంకోర్టు, నేరం చాలు, మనిషి పరిస్థితులు చూడక్కర్లేదు అన్నట్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు పట్టుకుని ఇంకొందరికి ఉరి వేశారు. 2009లో అదే కోర్టు ఆ తీర్పు తప్పని ఒప్పుకుంది. రావ్‌జీని 1996లోనే ఉరి తీసేశారు. 2012లో పద్నాలుగు మంది మాజీ న్యాయమూర్తులు, ఇలా తప్పుగా ఉరి పడినవాళ్ళ శిక్ష తగ్గించమని రాష్ట్రపతికి ఉత్తరాలు రాశారు. తీర్పులు రాసిన చేతులే ఇలా అంటుంటే మనకెందుకంత నమ్మకం?

భయం సంగతికి వస్తే, ఉరి ఉంటే నేరాలు తగ్గుతాయన్న రుజువు ఎక్కడా లేదు. అమెరికాలో నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ మూడు దశాబ్దాల పరిశోధనలన్నీ చూసి, వీటి వల్ల ఏమీ తేలదని 2012లో చెప్పింది. దీని మీద ఇంతకన్నా సమయం పెట్టను. అత్యాచారానికి ఉరి అన్నప్పుడు మాత్రం నాకు వేరే భయం ఉంది. జాతీయ నేర రికార్డుల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) లెక్కల్లో ఏటా తొంభై శాతానికి పైగా కేసుల్లో నిందితుడు అమ్మాయికి తెలిసినవాడే. బాబాయి, పక్కింటివాడు, ట్యూషన్ సార్. ఇప్పటికే ఆ పిల్ల నోరు విప్పితే ఇంట్లో "పరువు" అంటారు. రేపు "మీ బాబాయిని ఉరికంబం ఎక్కిస్తావా?" అంటారు. ఆ మాట విన్న పిల్ల ఫిర్యాదు ఇస్తుందా? దొరికినా ఉరే, చంపేసినా ఉరే అని తెలిసినవాడు సాక్షిని బతకనిస్తాడా? నిర్భయ తర్వాత వేసిన జస్టిస్ వర్మ కమిటీ మొత్తం దేశాన్ని విని, అత్యాచారానికి ఉరి వద్దనే చెప్పింది. ఆ కమిటీ అడిగిన మిగతావన్నీ, అంటే పోలీసుల సంస్కరణ, స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే శిక్ష లాంటివి, ఎంతవరకు అమలయ్యాయో శంషాబాద్‌లో చూశాం.

ఇక్కడ ఎదుటివాళ్ళ మాటలో నిజం ఉన్న చోటు ఒకటుంది, దాన్ని దాటేసి పోను. "యావజ్జీవం అంటారు, పద్నాలుగేళ్ళకు దండలేసి బయటికి తెస్తారు" అంటారు. నిజంగానే తెచ్చారు. 2002 గుజరాత్ అల్లర్లలో జరిగిన సామూహిక అత్యాచారం, హత్యల కేసులో, అంటే బిల్కిస్ బానో కేసులో, పదకొండు మందిని 2022 ఆగస్టు 15న వదిలేస్తే, బయట మిఠాయిలు తినిపించారు. 2024 జనవరిలో సుప్రీంకోర్టు మళ్ళీ లోపలికి పంపింది. అలాంటివి చూసిన జనం ఉరి అడగరా? నాకు ఆ కోపం అర్థమవుతుంది. కానీ ఆ కోపం పోవాల్సింది శిక్ష తగ్గించి వదిలేసే రిమిషన్ జీవోల మీదికి, అవి సంతకం చేసిన వాళ్ళ మీదికి. మందు కూడా ఉంది. 2019 జూన్‌లో హన్మకొండలో తొమ్మిది నెలల పసిబిడ్డను పాడుచేసి చంపినవాడికి రెండు నెలలు తిరక్కుండానే కింది కోర్టు ఉరి వేసింది. నవంబర్‌లో హైకోర్టు దాన్ని చచ్చేదాకా జైలు, విడుదల లేదు అని మార్చింది. ఇలాంటి శిక్ష వేయొచ్చని సుప్రీంకోర్టు 2008లో చెప్పి, 2015లో ఐదుగురు జడ్జీల బెంచీతో ఖాయం చేసింది. వాడు మళ్ళీ ఏ బిడ్డ జోలికీ రాడు. రేపు ఏదైనా తప్పు తేలితే దిద్దుకోవడానికి దారి కూడా ఉంటుంది.

మిర్యాలగూడలో ప్రణయ్‌ను కులం కోసం చంపించిన కేసులో 2025 మార్చిలో కిరాయి హంతకుడికి ఉరి, మరో ఆరుగురికి యావజ్జీవం పడ్డాయి. కులహత్యలకు వ్యతిరేకంగా నాతో పాటు ధర్నాల్లో కూర్చున్న స్నేహితులు సంబరపడ్డారు. నేను దోషులు తేలినందుకు సంతోషించాను, ఉరికి సంతోషించలేదు. ఆ హత్య డబ్బిచ్చి చేయించిన ఆలోచన ఇంకా మన పెళ్ళి చూపుల్లో కూర్చునే ఉంది. అద్దెకు వచ్చినవాణ్ణి ఉరి తీస్తే ఆ ఆలోచనకు ఏమవుతుంది? రాజ్యాంగ సభలో 1949 జూన్‌లో అంబేడ్కర్, ఉరిశిక్షను పూర్తిగా తీసేయడమే ఈ దేశానికి తగిన పని అన్నారు. నా స్నేహితులకు ఆ మాటే గుర్తు చేశాను. మా మధ్య కొన్నాళ్ళు మాటలు తగ్గాయి.

ఇక "నీ ఇంట్లో జరిగితే" అన్న మాటకు వస్తాను.

2013 ఫిబ్రవరి 21న సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో 107 బస్టాప్ దగ్గర, ఏ వన్ మిర్చి సెంటర్ దగ్గర రెండు బాంబులు పేలాయి. 18 మంది చనిపోయారు, వంద మందికి పైగా గాయపడ్డారు. మా చిన్నమ్మ కొడుకు అప్పుడు అక్కడే కోచింగ్ తీసుకునేవాడు, గ్రూప్స్ రాయాలని. క్లాసు అయ్యాక బస్సు కోసం నడుస్తున్నాడు. ప్రాణం దక్కింది. కుడి చెవికి వినికిడి తిరిగి రాలేదు, ఎడమది సగమే. 2016 డిసెంబర్‌లో జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్‌ఐఏ) కోర్టు ఐదుగురికి ఉరి వేసింది. 2025 ఏప్రిల్ 8న తెలంగాణ హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఆ తీర్పు వచ్చిన వారం వాడు మా ఇంటికి భోజనానికి వచ్చాడు. ఇవన్నీ వాడితో మాట్లాడాను, వాడి ఎడమ పక్క కూర్చుని, కొంచెం గట్టిగా.

"నువ్వు చెప్పేదంతా కరెక్టే కావొచ్చు అక్కా" అన్నాడు. "కానీ వాళ్ళు బతికుండుడు నాకు నచ్చుతలేదు."

దీనికి నా దగ్గర ఖండన లేదు, ఉండకూడదు కూడా. ఆ మాట వాడిది. కానీ చట్టం వాడొక్కడిది కాదు, అందుకే నేను వాడితో వాదించాను. తప్పు ఎవరిదో తేలిందనే అనుకుందాం, ఐదుగురూ చేశారనే అనుకుందాం. కట్టేసిన మనిషిని, ఎవరికీ హాని చేయలేని చోట ఉన్న మనిషిని, తారీఖు పెట్టి, తూకం చూసి, తాడు కొలిచి, ఒక జీతగాడి చేత చంపించడం మన పేరు మీద జరుగుతుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్ళకు బాంబులు కట్టినవాళ్ళు కూడా ఎవరో ఒకరి పేరు మీదే, ఏదో ఒక పాత హత్యకు బదులనే చేశారు. చావుకు చావు అన్న లెక్కను వాళ్ళ చేతిలోంచి లాక్కోవాలి గానీ, మనం కూడా అదే లెక్క రాయకూడదు. ఈ మాట అంటే వాడు కాసేపు అన్నం కలుపుతూ ఉండిపోయాడు.

ఇంకోటి కూడా అడిగాను. ఈ పన్నెండేళ్ళలో నీకెవరు ఫోన్ చేశారు? టీవీ వాళ్ళు, అన్నాడు. తీర్పు వచ్చినప్పుడల్లా. యావజ్జీవం అయి ఉంటే ఆ కేసు వాడి బతుకులోంచి ఎప్పుడో వెళ్ళిపోయేది. ఉరి కాబట్టి ప్రతి మెట్టు దగ్గరా వాణ్ణి మళ్ళీ ఆ సాయంత్రానికి లాక్కెళ్తున్నారు. ఇంకా సుప్రీంకోర్టు ఉంది, ఆపైన క్షమాభిక్ష ఉంది. ఈ మధ్యలో వాడి వినికిడి మిషన్ రెండుసార్లు పాడైంది. కొత్తది కోసం ఒక ప్రభుత్వ ఆఫీసు చుట్టూ తిరిగాడు. ఫైలు కనబడటం లేదన్నారు. చివరికి చిన్నమ్మ గాజులు కుదువ పెట్టి కొన్నది. మిషన్ ఉన్నా, గ్రూప్స్ మానేసి ఇంట్లోనే ట్యూషన్లు చెప్పుకుంటున్నాడు. ఐదుగురికి ఉరి అడగడానికి ప్రభుత్వ వకీళ్ళు ఏళ్ళ తరబడి కోర్టులో నిలబడ్డారు. వాడి చెవి గురించి నిలబడటానికి ఒక్క గుమస్తా దొరకలేదు.

వాడు ఒప్పుకోలేదు. ఉరి పడాల్సిందే అన్నాడు. వెళ్ళేటప్పుడు చెప్పులేసుకుంటూ "రాస్తవు గద, మిషన్ సంగతి గూడ రాయి అక్కా" అన్నాడు. రాస్తున్నాను. పేలుళ్ళలో గాయపడినవాళ్ళకు వైద్యం, మిషన్లు, మందులు బతికున్నంత కాలం ప్రభుత్వమే భరించాలి, అడుక్కోకుండా అందాలి. వాళ్ళ ఫైలు ఎక్కడుందో చెప్పడానికి ప్రతి జిల్లాలో ఒక బాధ్యుడు ఉండాలి. కేసు ఏ మెట్టు మీద ఉందో టీవీ స్క్రోలింగ్ కన్నా ముందు వాళ్ళ ఇంటికి ఉత్తరం రావాలి. ఇవి వచ్చే అసెంబ్లీ సమావేశాల్లో అడగమని మా ఎమ్మెల్యేకు రాసి ఇస్తున్నాను, మా కాలనీ వాళ్ళ సంతకాలతో. మొదటి సంతకం పక్క ఫ్లాట్ ఆంటీ పెట్టింది.